అప్‌డేట్: మా బావ రక్తపరీక్ష సంగతి

పర్లాకిమిడి దగ్గర బైక్ మీంచి పడి బావ తలకి గట్టి దెబ్బ తగిలింది, బతుకుతాడో లేదో రక్తపరీక్షలో తెలుస్తుందా అని పోయిన నెల అడిగాను కదా. న్యూరో డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. మెదడు కణాలు దెబ్బతింటే జీఎఫ్ఏపీ, యూసీహెచ్-ఎల్1 అనే ప్రోటీన్లు రక్తంలోకి వస్తాయట. అవి బాగా ఎక్కువుంటే ముప్పూ ఎక్కువే. కానీ ఆ అంకె ఒక్కటే చూసి ప్రాణం సంగతి తేల్చరు. వయసు, కనుపాపల స్పందన, కోమా స్కోరు (స్పృహ ఎంత ఉందో చెప్పే అంకె), సీటీ స్కాన్ అన్నీ కలిపి చూస్తారు. ఎస్100బీ అనే ఇంకో ప్రోటీన్ అయితే ఒంట్లో ఎముకలు విరిగినా పెరుగుతుందట. బావకి భుజం ఎముక కూడా విరిగింది మరి! ముందు చెప్పిన ఆ రెండు ప్రోటీన్లకి అమెరికాలో 2018లో అనుమతి ఇచ్చిన పరీక్ష కూడా చిన్న దెబ్బలకి సీటీ అవసరమా అని చూడటానికే. టెస్ట్ కోసం భువనేశ్వర్ పరిగెత్తబోయిన అన్నయ్యని ఆపేశాం. 19వ రోజు బావ కళ్ళు తెరిచాడు. నిన్న అక్కని చూసి చెయ్యి కదిపాడు. మాట ఇంకా రాలేదు.