పగ పట్టడం, ఉసురు తగలడం: ఒక రాక్షసి సినిమా మీద చర్చ

నల్లగొండ నుంచి:
‘పంప్‌కిన్‌హెడ్’ అనే అమెరికన్ పల్లెటూరి రాక్షసి సినిమా రెండో భాగం గురించి రాస్తుంటే మా మిత్రుల మధ్య ఒక మాట దగ్గర పేచీ వచ్చింది. ‘చచ్చిన పిల్లవాడు పగ తీర్చుకునే కథ’ అని ఒకరు రాశారు. అది పగ కాదు, ఉసురు అని నా వాదన.

మొదటి భాగం 1988లో వచ్చింది. దర్శకుడు స్టాన్ విన్‌స్టన్. ఎడ్ జస్టిన్ రాసిన ఒక కవిత దానికి ప్రేరణ. పట్నం నుంచి వచ్చిన కుర్రాళ్ళ బైకు తగిలి ఒక పల్లెటూరి దుకాణదారు కొడుకు చచ్చిపోతాడు. తండ్రి మంత్రగత్తె దగ్గరికి వెళ్ళి, నోరు తెరిచి అడిగి మరీ రాక్షసిని లేపుతాడు. అది చంపుతున్న ప్రతిసారీ ఆ బాధ ఆయనకూ తెలుస్తుంటుంది. చివరికి ఆయనలోనే ఆ రాక్షసి పోలికలు వస్తాయి. ఇది నూటికి నూరుపాళ్ళు పగే. మన దిక్కు ‘వాడు పగ వట్టిండు’ అంటాం, ‘వానికి దయ్యం వట్టింది’ అనీ అంటాం. క్రియ ఒకటే. మొదటి దాంట్లో పట్టేది మనిషి, రెండో దాంట్లో మనిషే పట్టుబడతాడు. ఆ తండ్రి మొదటి వాక్యంలో మొదలై రెండో వాక్యంలో తేలాడు.

జెఫ్ బర్ తీసిన రెండో భాగం వేరు. 1958లో వికృత రూపంతో ఉన్న ఒక అనాథ పిల్లవాణ్ణి ఊరి కుర్రాళ్ళు చంపేస్తారు. వాడు ఎవరినీ ఏమీ అనలేదు, ఎవరి మీదా పగ పట్టలేదు. చంపినవాళ్ళు పెద్దవాళ్ళై మామూలుగా బతుకుతుంటారు. ఏళ్ళ తర్వాత వేరే పిల్లలు తెలిసీ తెలియక మంత్రతంతు చేస్తే వాడు లేస్తాడు. ఇక్కడ పగ పట్టింది ఎవరు?

మాటల కూర్పు చూడండి. ‘పగ తీర్చుకున్నాడు’లో కర్త దెబ్బతిన్నవాడు. ‘ఉసురు పోసుకున్నాడు’లో కర్త దెబ్బకొట్టినవాడు. ఈ సినిమా కథంతా ఆ రెండో వాక్యంలోనే ఉంది.

దేవరకొండ నుంచి:
అన్నా, తిక్కన ఉద్యోగపర్వంలో ధర్మరాజు కృష్ణుడితో అన్నమాట గుర్తొచ్చింది. పగ అంటూ ఉంటే ‘పామున్న యింటిలో’ ఉన్నట్టే, మనసు ఒక్కసారైనా ఊరడిల్లదు అంటాడు. వ్యాసుడిలోనూ ఈ పోలిక ఉంది. మొదటి భాగంలోని తండ్రికి ఈ పద్యం సరిగ్గా సరిపోతుంది. రెండో భాగంలో చంపినవాళ్ళు మాత్రం అన్నేళ్ళూ హాయిగా నిద్రపోయారు. ఇంట్లో పాము ఉన్నట్టే వాళ్ళకు తెలియదు. అందుకని మీ మాటతో ఏకీభవిస్తున్నా.

నారాయణపేట నుంచి:
మాది కర్ణాటక అంచు. కన్నడంలో ‘ఉసిరు’ అంటే ఊపిరి. తమిళంలో ‘ఉయిర్’ అంటే ప్రాణం. తెలుగులోనూ ఉసురుకు ప్రాణమనే అర్థం ఉంది. ఆగిపోయిన ఆ ప్రాణమే పోయి ఇంకొకరికి తాకడం అన్నమాట. నాకైతే ఈ మాటలో రాక్షసి కంటే ఎక్కువ భయం ఉంది.

అచ్చంపేట నుంచి:
ఒక్క అభ్యంతరం సార్. మన ఊళ్ళలో ఉసురు గోళ్ళతో, కోరలతో రాదు. పంట పండదు, ఇంట్లో దీపం పెట్టేవాళ్ళు మిగలరు, సంపాదన నిలవదు. ‘గరీబోని ఉసురు దాకింది’ అని ఊరు అనుకుంటది. మనిషిని చీల్చి చంపేదాన్ని ఉసురు అంటే మా అవ్వ ఒప్పుకోదు.

నల్లగొండ నుంచి:
మంచి అభ్యంతరం. ఉసురు ఎప్పుడూ కంటికి కనబడదు, ఫలితమే కనబడుతుంది. సినిమా దానికి ఒళ్ళు తొడిగింది. నా దృష్టిలో దాని బలహీనత కూడా అక్కడే ఉంది: చంపడాలు చూపించినంత తీరిగ్గా ఆ పసివాడి గోస చూపించలేదు. గోస వినబడకపోతే ఉసురు అన్న మాటకు బరువు రాదు. అయినా కర్త ఎవరన్న లెక్కలో ఇదే దగ్గరి మాట. వాక్యాన్ని ‘పసివాడి ఉసురు పోసుకున్నవాళ్ళ కథ’ అని మారుస్తున్నాం.

గద్వాల, వనపర్తి వాళ్ళు ఒకటి చెప్పాలి. మా దగ్గర ‘ఉసురు దాకుతది’ అంటారు. మీ దిక్కు ‘తగులుతది’ అంటారా, ఇంకేమైనా అంటారా?