లార్జ్ స్క్రీన్ అని టికెట్ అమ్మేటప్పుడు తెర ఎన్ని అడుగులో చెప్పాలా, అక్కర్లేదా?

బ్రాడీపేట నాలుగో లైను

పోయిన ఆదివారం జరిగింది రాస్తున్నాను. మీరేమంటారో చెప్పండి.

మా నాన్నగారికి ఈ మధ్యే రెండో కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కొత్త కళ్లద్దాలు వచ్చాక ఆయన అడిగింది ఒక్కటే: "ఒరేయ్, మంచి పెద్ద తెర మీద ఒక బొమ్మ చూపించరా." ఫోన్‌లో వెతికితే విజయవాడలో ఒక మల్టీప్లెక్స్‌లో "ప్రీమియం లార్జ్ స్క్రీన్" అని కనిపించింది. రిక్లైనర్, అంటే వాలు కుర్చీ, 295 రూపాయలు. నాకు, నాన్నగారికి, మా ఆవిడకి కలిపి 885, ఆపైన బుకింగ్ ఫీజు. గుంటూరు నుంచి 35 కిలోమీటర్లు కారులో వెళ్లాం. హాలు బయట గోడ నిండా బోర్డు, దాని మీద ఆకాశమంత తెర బొమ్మ.

లైట్లు ఆరాయి. సినిమా మొదలవగానే తెరకి పైనా కిందా నల్ల పట్టీలు వచ్చాయి. చివరిదాకా అలాగే ఉన్నాయి. ఇంటర్వెల్‌లో నాన్నగారు మెల్లగా అడిగారు: "తెర పెద్దదే గాని, బొమ్మ చిన్నదిగా ఉందేమిట్రా?" నా దగ్గర జవాబు లేదు.

షో అయ్యాక ఊడ్చేవాళ్లు లోపలికి వస్తుంటే నేను తెర ముందు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాను. 21 అంగలు పడ్డాయి. నా అంగ రెండున్నర అడుగులుంటుంది, అంటే సుమారు 52 అడుగుల వెడల్పు. పక్కనే 177 రూపాయల హాలు తలుపు తీసి ఉంటే అక్కడా నడిచాను. 18 పడ్డాయి, అంటే 45 అడుగులు. మనిషికి 118 రూపాయలు ఎక్కువ కట్టి, 35 కిలోమీటర్లు వెళ్లింది ఈ ఏడడుగుల కోసమా?

తెర ఎంతో బుకింగ్ పేజీలో లేదు. బోర్డు మీదా లేదు. ఇది మోసం అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

వన్‌టౌన్ కుర్రాడు

అన్నా, నాన్నగారి సంగతి చదివి బాధేసింది. కానీ మోసం అంటే ఒప్పుకోను. అదే బిల్డింగ్‌లో అదే సినిమా 177కి ఆడుతోంది. ఎవరూ బలవంతం చేయలేదు కదా. హోటల్లో స్పెషల్ మీల్స్ అని రాస్తారు, ఎన్ని గ్రాముల పప్పు అని మనం అడుగుతామా? తిని చూస్తాం, నచ్చకపోతే మళ్లీ వెళ్లం. నేనూ ఆ హాల్లో చూశాను. సౌండ్ అదిరింది. కాళ్లు చాపుకుని కూర్చున్నాను. నాకు డబ్బులు గిట్టాయి.

గాంధీనగర్ లెక్కలు

ముప్పై ఏళ్లు డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో లెక్కలు రాసినవాణ్ణి. ఒక విషయం ఇద్దరూ వదిలేశారు.

మన రాష్ట్రంలో టికెట్ రేటు హాలువాళ్లు వాళ్లంతట వాళ్లు పెట్టేది కాదు. 2022 మార్చి 7న వచ్చిన జీవో 13 ప్రకారం విజయవాడ లాంటి నగరాల్లో మల్టీప్లెక్స్‌లో మామూలు సీటు 150, రిక్లైనర్ 250, పన్ను అదనం. వంద దాటిన టికెట్‌కి జీఎస్టీ 18 శాతం. 150కి 27 కలిపితే 177. 250కి 45 కలిపితే 295. పెద్ద సినిమాలకి మొదటి రోజుల్లో పెంచుకోవడానికి ప్రభుత్వం విడిగా అనుమతి ఇస్తుంది. 2025 సెప్టెంబర్‌లో ఒక సినిమా బెనిఫిట్ షోకి 1000 రూపాయలు చూశాం కదా, అది అలా వచ్చిందే.

ఇప్పుడు ఆ జీవోలో చూడండి. ఊరు ఏ స్థాయిది, ఏసీ ఉందా లేదా, మల్టీప్లెక్సా మామూలు హాలా, కుర్చీ ఏ రకం, వీటిని బట్టే రేట్లు. తెర సైజును బట్టి రేటు లేదు. కాబట్టి బాబూ, మీరు 118 ఎక్కువ కట్టింది తెరకి కాదు, వాలు కుర్చీకి. ఆ కుర్చీ మీకు ఇచ్చారు. రేటు విషయంలో తప్పు పట్టడానికి లేదు.

బ్రాడీపేట నాలుగో లైను

పెద్దవారు, ఇంత వివరంగా చెప్పినందుకు ధన్యవాదాలు. 177, 295 ఎలా వచ్చాయో ఇప్పుడే తెలిసింది. కానీ మీరు చెప్పింది విన్నాక నా బాధ ఇంకా పెరిగింది. నేను కట్టింది కుర్చీకే అయితే, బోర్డు మీద కుర్చీ బొమ్మ వేయాలి కదండీ? వేసింది తెర బొమ్మ. నన్ను గుంటూరు నుంచి రప్పించింది "లార్జ్ స్క్రీన్" అన్న మాట. వాలు కుర్చీ కావాలంటే మా ఊళ్లోనే దొరుకుతుంది.

క్యాబిన్‌లో పాతికేళ్లు

నేను ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేసి దిగాను. కార్బన్ కడ్డీలు వెలిగించిన రోజుల నుంచి డిజిటల్ దాకా చూశాను. మీ నాన్నగారి ప్రశ్నకి జవాబు చెబుతాను. ఆయన సరిగ్గా పట్టుకున్నారు.

మన సినిమాలు ఎక్కువ భాగం స్కోప్‌లో తీస్తారు. అంటే ఎత్తు 1 అయితే వెడల్పు 2.39. ఇప్పుడు వచ్చే పెద్ద తెరల్లో చాలావాటికి వెడల్పు అంత ఉండదు, 1.90 దగ్గర ఉంటుంది. 52 అడుగుల వెడల్పు తెర ఆ లెక్కన 27 అడుగుల పైచిలుకు ఎత్తు ఉంటుంది. దాని మీద స్కోప్ సినిమా వేస్తే బొమ్మ ఎత్తు 22 అడుగుల లోపే. మిగతా ఐదున్నర అడుగులు పైన సగం, కింద సగం ఖాళీ. అవే మీరు చూసిన పట్టీలు. పాత హాళ్లలో మాస్కింగ్ అని నల్ల గుడ్డ ఉండేది. స్కోప్ వేసినప్పుడు, మామూలు బొమ్మ వేసినప్పుడు దాన్ని జరిపి బొమ్మ అంచుకి సరిగ్గా తెచ్చేవాళ్లం. తెర పూర్తిగా నిండినట్టు ఉండేది. ఆ పని ఇప్పుడు చాలాచోట్ల మానేశారు, అందుకే ఖాళీ కంటికి కనిపిస్తోంది.

పక్క హాల్లో 45 అడుగుల తెర స్కోప్ తెరే అయి ఉంటుంది, బొమ్మ ఎత్తు 19 అడుగులకి కాస్త తక్కువ. రెండు బొమ్మల వైశాల్యం లెక్క వేస్తే పెద్ద తెర మీద బొమ్మ మూడో వంతు ఎక్కువ. ఏడడుగులే అని తీసేయకండి, వైశాల్యం ముఖ్యం. ధర మాత్రం మూడింట రెండు వంతులు ఎక్కువ.

హాలువాళ్ల వైపు కూడా చెప్పాలి. వైశాల్యం ఎంత పెరిగితే వెలుగు కూడా అంత ఎక్కువ కావాలి. పాత ప్రొజెక్టరే ఉంచి తెర పెద్దది చేస్తే బొమ్మ మసకబారుతుంది. మంచి లేజర్ ప్రొజెక్టర్, మంచి సౌండ్ పెట్టినవాడికి ఖర్చు నిజంగానే ఉంది. ఆ కుర్రాడు సౌండ్ అదిరిందన్నాడు, దానికి డబ్బు పోసినవాడు దానికి తగ్గ ధర అడగడం తప్పు కాదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. మీరు ఏ వరసలో కూర్చున్నారు? రిక్లైనర్లు ఎక్కువ హాళ్లలో అన్నిటికన్నా వెనక వేస్తారు. 52 అడుగుల తెరని 80 అడుగుల దూరం నుంచి చూసినవాడి కన్నా, 45 అడుగుల తెరని 45 అడుగుల దూరం నుంచి చూసినవాడి కంటికి బొమ్మ పెద్దదిగా ఉంటుంది. ఎక్కువ డబ్బు కట్టినవారిని తెరకి దూరంగా కూర్చోబెడుతున్నారు. మీ నాన్నగారికి చిన్నగా కనిపించింది అందుకే.

బ్రాడీపేట నాలుగో లైను

వెనక నుంచి రెండో వరస.

డల్లాస్‌లో గుంటూరోణ్ణి

ఈ గొడవ ఇక్కడ ఎప్పుడో జరిగింది. 2009లో అజీజ్ అన్సారీ అనే నటుడు ఐమాక్స్ అని 5 డాలర్లు ఎక్కువ కట్టి వెళ్తే, లోపల మామూలు మల్టీప్లెక్స్ హాలునే మార్చి పెట్టిన తెర కనిపించింది. అతను కోపంగా రాసిన పోస్టు దేశమంతా తిరిగింది. అప్పటిదాకా ఆ పేరు వింటే ఏడెనిమిది అంతస్తుల తెర అనుకునేవాళ్లం. తర్వాత కూడా రెండు రకాల హాళ్లకీ అదే పేరు కొనసాగింది, కాబట్టి ఏ ఊళ్లో ఏ రకమో చూసేవాళ్లే వెతుక్కుంటున్నారు.

మన హైదరాబాద్‌లో చూడండి, ప్రసాద్స్‌వాళ్లు తమ పెద్ద తెర 101.6 అడుగుల వెడల్పు, 64 అడుగుల ఎత్తు అని బాహాటంగా ప్రకటించుకున్నారు. నిజంగా పెద్దది కట్టినవాళ్లు కొలత దాచరు.

వన్‌టౌన్ కుర్రాడు

వెనక వరసల సంగతి నాకు తెలియదు, అది నిజంగా ఆలోచించాల్సిందే. కానీ అన్నా, కొలత రాస్తే ఎంతమంది చూస్తారు? మా ఫ్రెండ్స్‌లో ఎవడూ చూడడు. హీరో, టైమింగ్, సీటు, అంతే.

మొగల్రాజపురం వకీలమ్మ

చూసేవాళ్లు పదిమందే ఉన్నా రాయాలి తమ్ముడూ. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వస్తువు అయినా సేవ అయినా దాని నాణ్యత, పరిమాణం, ప్రమాణం, ధర తెలుసుకునే హక్కు అని స్పష్టంగా ఉంది. తప్పుదోవ పట్టించే ప్రకటన అంటే అబద్ధం చెప్పడమే కాదు, ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచిపెట్టడం కూడా అదే చట్టంలో ఉంది. తెర పేరుతో అమ్మే సీటుకి తెర కొలత కన్నా ముఖ్యమైన సమాచారం ఏముంటుంది?

అయితే బ్రాడీపేట వారికి ఒక జాగ్రత్త. "లార్జ్" అన్న మాటకి చట్టంలో కొలత లేదు. అవతలి లాయర్ మొదట అడిగేది అదే: పక్క హాలు కన్నా పెద్దదే కదా, అబద్ధం ఎక్కడుంది? అందుకని మోసం అనే మాటతో కాకుండా, సమాచారం ఇవ్వలేదు అనే మాటతో వెళ్లండి. ముందు హాలు మేనేజర్‌కి రాతపూర్వకంగా తెర వెడల్పు, ఎత్తు అడగండి. బోర్డు ఫొటో, బుకింగ్ పేజీ స్క్రీన్‌షాట్, టికెట్ దాచుకోండి. జవాబు రాకపోతే వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కి చెప్పండి. ఆ తర్వాతే జిల్లా వినియోగదారుల కమిషన్.

సినిమా హాళ్ల మీద ఫిర్యాదులు విజయవాడకి కొత్త కాదు. మల్టీప్లెక్సుల్లో తినుబండారాల ధరల మీద 2018లో ఇక్కడి వినియోగదారుల ఫోరం తీర్పు ఇచ్చింది, దేశమంతా వార్త అయింది. బయటి తిండి ఆపే హక్కు హాలుకి ఉందని 2023 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలంది. అంటే హాలు వారి హక్కులూ ఉన్నాయి, మనవీ ఉన్నాయి.

గాంధీనగర్ లెక్కలు

అమ్మా, మీరు చెప్పింది సబబుగా ఉంది. రేటులో తప్పు లేదన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. కానీ బోర్డు మీద తెర, బిల్లులో కుర్చీ, ఈ తేడా సరిదిద్దాల్సిందే. 1921లో మారుతీ టాకీస్ వచ్చినప్పటి నుంచి సినిమా చూస్తున్న ఊరు మాది. ఇక్కడి ప్రేక్షకుడికి రెండు అంకెలు చెప్పడానికి ఎవరూ వెనకాడకూడదు.

బ్రాడీపేట నాలుగో లైను

వారం తర్వాత రాస్తున్నాను. మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. మూడో రోజు జవాబు వచ్చింది: "మా అతిథులకు అత్యుత్తమ అనుభూతిని అందించడమే మా లక్ష్యం." అంకె ఒక్కటీ లేదు. మళ్లీ అడిగాను, ఈసారి వెడల్పు ఎంత, ఎత్తు ఎంత అని రెండే ప్రశ్నలు. ఇంకా రాలేదు. వచ్చే సోమవారం దాకా చూసి 1915కి చేస్తాను.

ఆపరేటర్ గారూ, మీ మాట ప్రకారం నిన్న నాన్నగారిని మా గుంటూరులోనే 177 టికెట్‌కి తీసుకెళ్లాను. మల్టీప్లెక్సే గాని మామూలు తెర, మధ్య వరస, సరిగ్గా నడిమి సీటు. సినిమా మొదలైన ఐదు నిమిషాలకి కళ్లద్దాలు తీసి, పంచె కొంగుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఇంటర్వెల్‌కి లేవలేదు. బొమ్మ ఎలా ఉంది నాన్నా అంటే, "ఇదిరా పెద్ద తెర" అన్నారు.