బీటెక్ తర్వాత విమాన విడిభాగాల కంపెనీలో అప్రెంటిస్‌గా చేరొచ్చా?

మెకానికల్25:
అన్నలూ, అక్కలూ, ఈ ఏడే బీటెక్ అయింది. హైదరాబాద్ దగ్గర ఆదిబట్లలో విమాన విడిభాగాలు చేసే ఒక కంపెనీలో ఏడాది అప్రెంటిస్‌షిప్ వచ్చింది. సీ-130జే సైనిక రవాణా విమానాల తోక భాగాలు, అపాచీ హెలికాప్టర్ బాడీలు తయారయ్యే ఊరు కదా అని చాలా ఆశపడ్డాను. ఇంట్లో మాత్రం "ఇంజినీరింగ్ చదివి డ్రిల్లు పట్టుకుంటావా" అంటున్నారు. చేరమంటారా?

పాత ఇన్‌స్పెక్టర్:
చేరు బాబూ. క్వాలిటీలో 21 ఏళ్ల నుంచి ఉన్నాను. మొదటి మూడు నెలలు నీచేత డీబరింగే చేయిస్తారు. రంధ్రం వేశాక అంచున సన్నగా లోహపు ముల్లు మిగులుతుంది, దాన్ని తీసేయడమే పని. కంటికి కనిపించదు, గోరు తిప్పి చూస్తే తగులుతుంది. అది రెండు రేకుల మధ్య ఉండిపోతే రేకులు సరిగా కూర్చోవు, ముందుముందు పగులు అక్కడే మొదలవుతుంది. 1988లో అమెరికాలో అలోహా ఎయిర్‌లైన్స్ విమానం పైకప్పు గాల్లో ఊడిపోయింది, రివెట్ (రేకులను కలిపి బిగించే మేకు) రంధ్రాల దగ్గర పగుళ్ల వల్లే. డీబరింగ్‌ను చిన్నచూపు చూసే ఇంజినీరు డ్రాయింగ్ గీసినా నాకు నమ్మకం ఉండదు.

సాగర్ రోడ్:
2022లో నేనూ ఇవే మాటలు విని చేరాను. నెలకు 9,000. హాస్టల్‌కే 5,500. మూడు నెలలు కాదు, పదకొండు నెలలు డీబరింగూ డ్రిల్లింగే. వద్దు తమ్ముడూ.

స్ట్రక్చర్స్ పిచ్చి:
ఇన్‌స్పెక్టర్ గారూ, అలోహాలో కారణం ముల్లు కాదు. రేకులను కలిపిన జిగురు వదిలేసింది, సముద్రపు గాలికి తుప్పు పట్టింది. భారమంతా రివెట్ల మీద పడి పగుళ్లు వచ్చాయి. అది దాదాపు 90 వేల సార్లు ఎగిరిన విమానం. ఉదాహరణ తప్పు.

పాత ఇన్‌స్పెక్టర్:
పగులు ఎక్కడ మొదలైంది? రంధ్రం అంచున. నేను చెప్పిందీ అదే.

స్ట్రక్చర్స్ పిచ్చి:
కాదండీ. రివెట్ తల కూర్చోవడానికి రేకును ఏటవాలుగా చెక్కితే అంచు కత్తిలా పలచబడింది. అది డిజైన్ లోపం, డీబరింగ్ లోపం కాదు. రెండూ కలిపేస్తే కొత్తవాళ్లు తప్పు నేర్చుకుంటారు.

బాలానగర్ అక్క:
ఆ అబ్బాయి అడిగింది అలోహా గురించి కాదు.

లేబర్ లా చదువుతున్నా:
సాగర్ రోడ్ గారూ, 1961 అప్రెంటిస్ చట్టం 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ కార్మికుడు కాడు, శిక్షణ పొందేవాడు. అప్పట్లో డిగ్రీవాళ్లకు కనీస స్టైపెండ్ 9,000, అందులో సగం ప్రభుత్వమే భరించేది. కాంట్రాక్ట్‌లో ఆ షరతు లేకపోతే చివర్లో ఉద్యోగం ఇచ్చి తీరాలని కూడా లేదు. 2014 సవరణ తర్వాత 22వ సెక్షన్ చెప్పేది, నియామక విధానాన్ని కంపెనీయే రాసుకోవాలని. మీకు చట్టప్రకారం అన్యాయం జరగలేదు.

సాగర్ రోడ్:
అన్యాయం జరిగిందో లేదో మీరు చెప్పకండి. తెల్లవారుజామున నాలుగింటికి షిఫ్ట్ బస్సులో నిలబడి నిద్రపోయింది మీరు కాదు.

పాత ఇన్‌స్పెక్టర్:
మేమూ అలాగే నిద్రపోయాం. ఈ తరానికి చేరిన రోజే లాప్‌టాప్, ఏసీ గది కావాలి. చేతికి గ్రీజు అంటితే పరువు పోతుంది. పదకొండు నెలలు డ్రిల్లింగ్ చేశావంటే పదకొండు నెలలు నేర్చుకున్నట్టే కదా.

సాగర్ రోడ్:
గ్రీజుకు భయపడ్డానని ఎవరు చెప్పారు సార్? అయితే మొత్తం చెబుతాను.

ఐదో నెల, నైట్ షిఫ్ట్. పైలట్ రంధ్రం (అసలు రంధ్రానికి ముందు వేసే చిన్నది) వేస్తుంటే బిట్ కొన విరిగి ఫ్రేమ్ లోపల పడింది. ఎవరూ చూడలేదు. నేనే చేయెత్తి చెప్పాను, లైన్ ఆపారు. టార్చి, చిన్న అద్దం, అయస్కాంతం పట్టుకుని రెండున్నర గంటలు వెతికాం. బియ్యపు గింజలో సగం ఉంటుంది. ఒక మూల ఆరని సీలెంట్‌కు అంటుకుని దొరికింది. అప్పుడు నాకు గర్వంగా అనిపించింది, నిజం. పొద్దున రిపోర్ట్ వచ్చింది. "ఆపరేటర్" అన్న గడిలో నా పేరు. జీతం అడిగితే ట్రైనీని, తప్పు జరిగితే ఆపరేటర్‌ని.

చివరి వారంలో ఏడాది లాగ్‌బుక్ అంతా ఒకే మధ్యాహ్నం, ఒకే పెన్నుతో నింపి సంతకాలు పెట్టారు. "కాంపోజిట్స్, ఆరు వారాలు" అని ఉంది, అంటే కార్బన్ ఫైబర్ లాంటి వాటితో భాగాలు చేసే పని. ఆ గది గడప కూడా నేను దాటలేదు. తర్వాత ఒక ఇంటర్వ్యూలో కాంపోజిట్స్ గురించి అడిగారు. నోరు పెగల్లేదు.

బాలానగర్ అక్క:
చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది తమ్ముడూ.

పాత ఇన్‌స్పెక్టర్:
ఆగు. రంధ్రం వేసింది ట్రైనీ అయితే పక్కన క్వాలిఫైడ్ మనిషి ఉండాలి, ఆ పనికి బాధ్యత తనదని చెప్పే స్టాంపు అతనిది పడాలి. నీ పేరెలా వచ్చింది?

సాగర్ రోడ్:
పక్కన ఎవరూ లేరు సార్. నైట్ షిఫ్ట్‌లో పద్నాలుగు మంది అప్రెంటిస్‌లకు ఇద్దరు సీనియర్లు. వాళ్లకు వాళ్ల టార్గెట్.

పాత ఇన్‌స్పెక్టర్:
నేను చేరినప్పుడు ఒక సీనియర్ కింద ఇద్దరమే ఉండేవాళ్లం. మొదటి రివెట్ వంకరపోతే ఆయనే నా చేయి పట్టుకుని తీయించాడు. తిట్టాడు కూడా, కానీ స్టాంపు ఆయనది. ఇప్పుడు మా షాపులో ఒకరి కింద ఆరుగురున్నారు. నేనూ కొన్నిసార్లు లాగ్‌బుక్ చూడకుండానే సంతకం పెట్టాను. నీ విషయంలో లాప్‌టాప్ మాట అనకుండా ఉండాల్సింది. అయినా ఈ అబ్బాయిని చేరమనే అంటాను. ఈ పని పుస్తకాల్లో రాదు.

సాగర్ రోడ్:
నేర్పే మనిషి లేకపోతే ఫ్లోర్‌లోనూ రాదు సార్. నేను మొదటి నుంచీ చెప్పాలనుకున్నది ఇదే, 9,000 గురించి కాదు.

లేబర్ లా చదువుతున్నా:
ట్రైనీని లెక్కలో ఆపరేటర్‌గా చూపడం, చేయని శిక్షణ రాయడం వేరే సంగతి. మీకు అన్యాయం జరగలేదన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను.

మెకానికల్25:
సోమవారం కాంట్రాక్ట్ మీద సంతకం. ఏం అడగాలి?

పాత ఇన్‌స్పెక్టర్:
ఏ విభాగంలో ఎన్ని వారాలు వేస్తారో కాగితం అడుగు. నీ పని మీద ఎవరి స్టాంపు పడుతుందో పేరుతో సహా అడుగు.

సాగర్ రోడ్:
సొంత నోట్‌బుక్ పెట్టుకో. తారీఖు, ఏ పని, పక్కన ఎవరు, రోజూ రాసుకో.

మెకానికల్25:
ఇప్పుడే ఫోన్ చేశాను. విభాగాల కాగితం మెయిల్‌లో పంపుతామన్నారు. స్టాంపు సంగతి హెచ్ఆర్‌కు తెలియదట, ఫ్లోర్ సూపర్‌వైజర్‌ను అడగమన్నారు.

సాగర్ రోడ్:
ఆయనతో మాట్లాడాకే సంతకం పెట్టు తమ్ముడూ. ఏమన్నాడో ఇక్కడ రాయి.