టీము పాయింట్ల కోసం పూర్తయిన టాస్కులు దాచిపెట్టడం సబబేనా?

#1 బెజవాడ_పాత_పీసీ

అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా లోపలే నలుగుతున్న మాట ఇది. ఇక్కడ పెడితే నలుగురూ ఏమంటారో తెలుస్తుందని రాస్తున్నాను.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. ఇంట్లో ఖాళీగా ఉన్న కంప్యూటరును పరిశోధకుల లెక్కలకు ఇవ్వడమే వాలంటీర్ కంప్యూటింగ్. పెద్ద లెక్కను సర్వరు చిన్న టాస్కులుగా విడగొట్టి పంపుతుంది, మన మెషీను చేసి తిప్పి పంపుతుంది. చాలా ప్రాజెక్టులు బోయింక్ అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి. చేసిన పనికి క్రెడిట్లు వేస్తారు. అవి డబ్బులు కావు, అంకెలు. ఆ అంకెల్ని కూడుకుని టీములు పోటీ పడతాయి.

నేను 2003లో గ్రహాంతరవాసుల సంకేతాల కోసం వెతికే సేటీ ఎట్ హోమ్‌తో మొదలుపెట్టాను. అమెరికాలోని బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్ల ప్రాజెక్టు, 1999 మేలో పుట్టింది. అరెసిబో అనే పెద్ద రేడియో టెలిస్కోపు విన్న చప్పుడులో 107 సెకన్ల ముక్క ఒకటి, దాదాపు 340 కేబీ, డయలప్‌లో దించుకుని వెంటనే లైను కట్ చేసేవాణ్ణి, ఫోను బిల్లు భయం. స్క్రీన్‌సేవర్‌లో రంగురంగుల గ్రాఫు లేస్తుంటే మా నాన్నగారు కుర్చీ లాక్కుని చూసేవారు. 2020 మార్చి 31న అది కొత్త పని పంపడం ఆపేసినప్పుడు ఇంట్లో మనిషి దూరమైనట్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. ఈమధ్య ఒక టీము పోటీ జరిగింది. పోటీ రోజుల్లో జమపడిన క్రెడిట్లే లెక్కలోకి వస్తాయి. అందుకని వారం ముందే మా కెప్టెన్ గ్రూపులో మెసేజి పెట్టాడు: "అందరూ బోయింక్‌లో నెట్‌వర్క్ ఆపెయ్యండి. టాస్కులు చేస్తూనే ఉండండి, పంపకండి. మొదటి రోజు రాత్రి అందరం ఒకేసారి వదులుదాం." దీన్నే బంకరింగ్ అంటారు. నేనూ ఆపాను. ఐదు రోజుల్లో 212 టాస్కులు పోగుపడ్డాయి.

ఐదో రోజు రాత్రి ప్రాజెక్టు సైటులో నా టాస్కు ఒకటి తెరిచి చూశాను. ఈ ప్రాజెక్టులో ఒకే టాస్కును ఇద్దరికి పంపుతారు, ఇద్దరి జవాబూ కలిస్తేనే ఒప్పుకుంటారు. పై వరుసలో అవతలి మనిషి: "పూర్తయింది, వ్యాలిడేషన్ కోసం ఎదురుచూస్తోంది". కింది వరుసలో నేను: "జరుగుతోంది". జరగడం ఎక్కడ, అది ఎప్పుడో అయిపోయి నా డిస్కులో పడి ఉంది. అవతలి మెషీను వివరాలు నొక్కి చూస్తే రెండు కోర్ల పాత ప్రాసెసరు. ఆ ఒక్క టాస్కుకి దానికి 31 గంటలు పట్టింది. నాకు పట్టింది రెండున్నర గంటలు. 31 గంటలు కష్టపడినవాణ్ణి నేను గుమ్మం బయట నిలబెట్టాను.

అప్పుడే నెట్‌వర్క్ ఆన్ చేసి అన్నీ పంపేసి కెప్టెన్‌కి చెప్పాను. నాలో టీము భావం లేదన్నాడు. టీము నుంచి బయటికి వచ్చేశాను.

టీములూ పోటీలూ ఈ పనికి మేలు చేస్తున్నాయా, చెరుపు చేస్తున్నాయా? మనసులో మాట చెప్పండి.

#2 డల్లాస్_గ్యారేజ్

అన్నా, మీ బాధ అర్థమైంది కానీ మీ తీర్పు మాత్రం నేను ఒప్పుకోను.

గడువు లోపలే పంపారు కదా. ఆ గడువు పెట్టింది ప్రాజెక్టు వాళ్లే. అన్ని రోజులు ఆగలేని పనైతే వాళ్లే తక్కువ గడువు పెట్టేవాళ్లు. బోయింక్ పెంటాథ్లాన్ చూడండి, సేటీ జర్మనీ అనే టీము 2010 నుంచి నడుపుతోంది. ప్రతి మే నెలలో రెండు వారాలు, ఐదు విభాగాలు. అక్కడ బంకరింగ్ దొంగచాటు పనేం కాదు, అందరికీ తెలిసిన ఎత్తుగడ. ఆ రెండు వారాల కోసం జనం అటక మీది పాత మెషీన్లు కూడా దించి దుమ్ము దులుపుతారు. పోటీ లేకపోతే ఆ మెషీన్లు అటక మీదే ఉండేవి.

నా సంగతే చెప్తాను. గ్యారేజీలో 450 వాట్ల గ్రాఫిక్స్ కార్డు నడుస్తోంది. అది నడుస్తోందంటే మా టీములో తొమ్మిది మంది రోజూ స్కోరు చూసుకుంటాం కాబట్టే. అందులో ఐదుగురం తెలుగువాళ్లం. ఒకరికి ఆపరేషనై ఆసుపత్రిలో ఉంటే, ఆయన మెషీను ఆగిపోయిందని స్కోరులో చూసే మాకు తెలిసింది. ఫోన్ చేశాం. పాయింట్లు లేకపోతే ఆ ఫోన్ కాల్ లేదు.

2020 మార్చి గుర్తు తెచ్చుకోండి. కోవిడ్ ప్రొటీన్ల మీద పని మొదలవగానే, ప్రొటీన్ల కదలికలు లెక్కగట్టే ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టుకి గేమింగ్ టీములు విరుచుకుపడి వచ్చాయి. ఎక్సాఫ్లాప్, అంటే సెకనుకు ఒకటి పక్కన 18 సున్నాలన్ని లెక్కలు, ఆ గీత దాటిన మొదటి వ్యవస్థ అదే. ఏప్రిల్‌కి 2.4 ఎక్సాఫ్లాప్‌లు. ఇదంతా ఒంటరి మనుషులు చడీచప్పుడు లేకుండా చేసింది కాదు.

#3 తెనాలి_లెక్కల_మాస్టారు

డల్లాస్ బాబూ, 2020 సంగతి నువ్వే ఎత్తావు కాబట్టి మిగతా సగం నేను చెబుతాను. ఆ వారాల్లో జనం అంత వచ్చిపడితే వాళ్లకివ్వడానికి పని చాలలేదు. కార్డులు ఖాళీగా తిరిగాయి. సర్వర్లు పెంచడం, కొత్త ప్రొటీన్ నమూనాలు సిద్ధం చేయడం, ఇవి పరిశోధకుల పని. అక్కడ కొరత మెషీన్లది కాదు. కాబట్టి పాయింట్లు పెరిగినంత మాత్రాన సైన్సు అంతే పెరిగిందనుకోకూడదు.

ఇప్పుడు ఆలస్యం గురించి. అన్ని ప్రాజెక్టులనూ ఒకే గాటన కట్టకండి. ఫోల్డింగ్‌లో ప్రొటీను కదలికను వరసగా ముక్కలు చేస్తారు. నువ్వు పంపిన జవాబు ఎక్కడ ఆగిందో, తరవాతి టాస్కు అక్కణ్ణుంచి మొదలవుతుంది. నువ్వు పంపకపోతే ఆ వరస మొత్తం ఆగుతుంది. అందుకే వాళ్లు పాస్‌కీ, అంటే మనల్ని గుర్తుపట్టే రహస్య సంకేతం, పెట్టుకున్నవాళ్లకు త్వరగా పంపితే బోనస్ ఇస్తారు. ఎంత తొందరగా తిప్పి పంపితే అన్ని పాయింట్లు. అక్కడ దాచుకున్నవాడే నష్టపోతాడు. ప్రధాన సంఖ్యల వేటలో అయితే ఏ సంఖ్య దానికదే, ఒకటి ఆలస్యమైతే ఇంకొకటి ఆగదు.

చూశారా, తప్పు పోటీలో లేదు. పాయింట్లు దేనికి ఇస్తున్నారన్నదే ముఖ్యం. ప్రధాన సంఖ్యలు వెతికే ప్రైమ్‌గ్రిడ్ అనే ప్రాజెక్టువాళ్ల చాలెంజిలు, అంటే పోటీలు, చూడండి. పోటీ మొదలయ్యాక తీసుకుని, ముగిసేలోపు తిప్పి పంపిన టాస్కులే లెక్క. ముందుగా పోగేసుకున్నది చెల్లదు. ఒక్క నియమంతో ఆ బెడద పోయింది.

ఇంకొక మాట. టీము అంటే పేరు పెట్టుకుని జెండా ఎగరేసేదేనా? 2010లో ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ప్రాజెక్టు ఒక పల్సారును, అంటే గిర్రున తిరుగుతూ రేడియో సంకేతాలు పంపే నక్షత్ర శేషాన్ని, పట్టుకుంది, జే2007+2722 అని. సెకనుకు దాదాపు 41 సార్లు తిరుగుతుంది. అరెసిబో డేటాలో దొరికింది. ఆ సిగ్నలున్న టాస్కు రెండు మెషీన్లకు వెళ్లింది. ఒకటి అమెరికాలో అయోవా రాష్ట్రం, ఏమ్స్ ఊళ్లో క్రిస్, హెలెన్ కాల్విన్ దంపతులది. రెండోది జర్మనీలో మైన్జ్‌లో డానియల్ గెబ్‌హార్ట్‌ది. ఒకరి ముఖం ఒకరికి తెలియదు. ఆవిష్కరణ ప్రకటించినప్పుడు ఇద్దరి పేర్లూ చెప్పారు, ఎందుకంటే రెండో జవాబు లేనిదే మొదటిది చెల్లదు. విజయవాడ మిత్రమా, ఆ 31 గంటల పాత మెషీను మనిషి ఉన్నాడే, నీ అసలు టీము అతనే.

#4 రాత్రి_షిఫ్ట్

మాస్టారి చివరి వాక్యం కోసం లాగిన్ అయ్యాను. అంతే.

#5 నల్గొండ_ల్యాప్‌టాప్

అందరు పెద్ద మెషీన్లోళ్లు మాట్లాడుతున్నరు, చిన్నోళ్ల మాట కూడ వినండి.

2020ల లాక్‌డౌన్‌ల, ప్రొటీన్ల ఆకారాలు లెక్కగట్టే రోజెటా ఎట్ హోమ్ పెట్టిన. ఎనిమిది జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్. ఎనిమిది టాస్కులు ఒక్కసారే మొదలయ్యేవి, ఒక్కోదానికి జీబీకి పైన పట్టేది. మెషీన్ బిగుసుకుపోయేది, టాస్కులు ఎర్రర్‌తోని పోయేవి. నాకు తెల్వదు, వారం అట్లనే నడిపిన. అప్పుడు మా టీముల ఒక అన్న, ఎప్పుడు చూడని మనిషి, నా మెషీన్ ఎర్రర్ల లిస్టు చూసి మెసేజ్ పెట్టిండు: "చెల్లే, ప్రాసెసర్లు 25 శాతం చేసుకో, రెండే నడుస్తయి." చేసిన. తెల్లారి లేచి చూస్తే ఒక్క ఎర్రర్ లేదు. మళ్ల వేడి ఎక్కువైతుందంటే, ఫ్యాన్ విప్పి దుమ్ము తియ్యమని ఫోటోల మీద గీతలు గీసి పంపిండు. ఫ్యాన్ రెక్కల ముంగట దుమ్ము బట్టపేలిక లెక్క అతుక్కుని ఉండె. చిమటతోని పట్టి లాగితే ఒక్కటే ముక్క ఊడొచ్చింది. డిగ్రీ అంతా ఆ ల్యాప్‌టాపే నడిచింది.

అందుకే టీములు వద్దంటే నేను ఒప్పుకోను. కాని పోటీ వచ్చినప్పుడు "ఇరవై నాలుగు గంటలు నడపాలె" అని ఒత్తిడి పెడతరు సూడు, అది మాసొంటోళ్లకు బరువు. ఇప్పుడు మా ఇంట్ల డెస్క్‌టాప్ ఉన్నది, 150 వాట్లు. రోజంతా నడిస్తే 3.6 యూనిట్లు, నెలకు 108. గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపల ఉంటేనే మాకు సున్నా బిల్లు. ఒక్క యూనిట్ దాటినా మొత్తం కట్టాలె. నేను రాత్రి ఐదు గంటలే పెడుత. మా టీముల ఎవ్వరు ఏమనరు. అట్లాంటి టీము దొరకుడు అదృష్టం.

#6 బెజవాడ_పాత_పీసీ

చెల్లెమ్మా, నీ పోస్టు రెండుసార్లు చదివాను. నేను టీము వదిలేసింది కోపంలోనే అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. 2009లో నా పవర్ సప్లై కాలిపోతే ఏది కొనాలో, ఎన్ని వాట్లది చాలో చెప్పింది టీమువాళ్లే. అది మరిచిపోవడం నా తప్పు.

మాస్టారూ, ప్రైమ్‌గ్రిడ్ నియమం ఇంత సూటిగా ఉందని నాకు తట్టలేదు. మిగతా పోటీలవాళ్లు ఎందుకు పెట్టరు?

#7 డల్లాస్_గ్యారేజ్

ఎందుకో నేను చెప్తాను. మూడు రోజుల పోటీలో, పోటీ మొదలయ్యాక తీసుకున్నవే లెక్క అంటే, మీరు జాలిపడ్డ ఆ పాత మెషీను ఏమవుతుంది? టాస్కుకి 31 గంటలు. 72 గంటల్లో ఒక్కో కోరు రెండు చేస్తుంది, మూడోది మధ్యలో ఆగుతుంది. నా కార్డుకి ఆ ఇబ్బందే లేదు. మీ నియమం బలమున్నవాడికే లాభం. ముందు నుంచి కూడబెట్టుకునే వీలుంటేనే చిన్న మెషీను కూడా టీముకి పనికొస్తుంది. నల్గొండ చెల్లి రోజుకి ఐదు గంటలే నడుపుతుంది, తనకీ ఇదే వర్తిస్తుంది.

పైగా కొన్ని ప్రాజెక్టుల్లో టాస్కు ఒక్కరికే వెళ్తుంది, రెండో మనిషి ఉండడు. అక్కడ గడువు లోపల ఎప్పుడు పంపితే ఎవరికి నష్టం?

మాస్టారూ, ఆ పల్సారు సంగతి నాకు తెలియదు. అది విన్నాక ఒకటి ఒప్పుకుంటాను. అవతల ఒక మనిషి నా జవాబు కోసం కాచుకుని ఉన్న చోట దాచడం బాగోదు. మా టీములో ఈ మాట పెడతాను. మిగతా చోట్ల మాత్రం దాస్తాను.

#8 తెనాలి_లెక్కల_మాస్టారు

చిన్న మెషీన్ల గురించి నువ్వన్నది నిజం. నాకు తోచలేదు. పోటీ నిడివి పెంచితే కొంత సర్దుకుంటుంది, మూడు రోజులకు బదులు రెండు వారాలు.

కానీ చిన్న మెషీనుకు టీమే దిక్కు అని మాత్రం అనకు. జోనథన్ పేస్ అని టెనెసీలో ఒక ఎలక్ట్రికల్ ఇంజనీరు, గింప్స్ అనే ప్రధాన సంఖ్యల వేట ప్రాజెక్టులో పద్నాలుగేళ్లు వెతికాడు. 2017 డిసెంబరు 26న దొరికింది, 2,32,49,425 అంకెల ప్రధాన సంఖ్య. పద్నాలుగేళ్లంటే ఒక పిల్లవాడు పుట్టి హైస్కూలుకి వెళ్లే కాలం. నా మెషీను ఆ వేటలో పదకొండో ఏట ఉంది. పొద్దున్నే కాఫీ పెట్టుకుని, రాత్రి ఎంత శాతం నడిచిందో చూసుకుంటాను. మా ఆవిడ కూడా అడుగుతుంది, "ఇవాళ ఎంతయింది?" అని.

ఒక్కరికే టాస్కు వెళ్లే చోట దాచడం మీద నాకు గట్టి అభ్యంతరం లేదు. ఒక్కటే జాగ్రత్త. ఒకే రాత్రి వేలమంది ఒకేసారి వదిలితే అవతలి సర్వరు కుదేలవుతుంది. ఆ సర్వరును చాలా చోట్ల ఇద్దరో ముగ్గురో చూసుకుంటూ ఉంటారు.

#9 బెజవాడ_పాత_పీసీ

ఆ పోటీ నిర్వాహకులకు ఆదివారం ఉత్తరం పంపుతున్నాను. ముసాయిదా ఇది, మార్పులుంటే చెప్పండి:

"టాస్కు ఇద్దరికి వెళ్లే ప్రాజెక్టుల్లో, పోటీ మొదలయ్యాక తీసుకున్న టాస్కులనే లెక్కించండి. అలా చేసినచోట పోటీని కనీసం రెండు వారాలు ఉంచండి, నెమ్మది మెషీన్లు కూడా మరిన్ని టాస్కులు పూర్తి చేయగలిగేలా. ఒక్కరికే వెళ్లే ప్రాజెక్టుల్లో ఇప్పటి పద్ధతే ఉండనివ్వండి."

మూడో వాక్యం డల్లాస్ తమ్ముడి కోసం. నాకు ఇష్టం లేకపోయినా రాశాను.

నల్గొండ చెల్లెమ్మా, మీ టీములో చోటుంటే పేరు మెసేజ్ చెయ్యి. నా మెషీనులో పదహారు థ్రెడ్లు ఉన్నాయి, అంటే ఒకేసారి పదహారు టాస్కులు, కరెంటు పోనంతసేపు నడుపుతాను.

#10 నల్గొండ_ల్యాప్‌టాప్

పేరు పంపిన అన్నా. చేరినంక మీ మెషీన్ వివరాలు దాచిపెట్టకుండ కనబడేటట్టు పెట్టుండ్రి. ఎర్రర్లు వస్తే ఈసారి నేను చూస్త.