ట్రిప్లెట్స్ రాబోతున్నారు: స్ట్రోలర్, కార్ సీట్లు, బండి ఏవి తీసుకోవాలి?

కొత్తగా వచ్చిన నాన్న, ఇర్వింగ్:
అందరికీ నమస్కారం. డాలస్ వచ్చి ఎనిమిది నెలలైంది. మా ఆవిడకి ఇప్పుడు 23వ వారం, కడుపులో ముగ్గురు. స్కానింగులో తెలిసిన రోజు నుంచి సంతోషం, టెన్షన్ రెండూ కలిసే ఉన్నాయి. మాది మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు. ఉన్నది ఒక పాత కొరోలా కారు. అందులో పసిపిల్లల కార్ సీట్లు మూడు పడతాయా, బండి మార్చాలా? ముగ్గురినీ కూర్చోబెట్టి తోసుకెళ్ళడానికి ఏ స్ట్రోలర్ మంచిది? కాన్పుకి మా అమ్మ గుంటూరు నుంచి వస్తుంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

ముగ్గురమ్మ, ఫ్రిస్కో:
తమ్ముడూ, ముందు మీ ఆవిడకి మా అందరి దీవెనలు. నాకూ ఒకే కాన్పులో ముగ్గురు, ఇప్పుడు వాళ్ళకి తొమ్మిదేళ్ళు. స్ట్రోలర్ సంగతి తర్వాత, కార్ సీట్ సంగతి ముందు వినండి. ముగ్గురైతే నెలలు నిండకుండానే వచ్చేస్తారు, సగటున 32 వారాలకి. మావాళ్ళూ అప్పుడే వచ్చారు. కాబట్టి కార్ సీట్ కొనేటప్పుడు దాని లేబుల్ మీద కనీస బరువు ఎంతో చూడండి. కొన్ని 4 పౌండ్ల నుంచి పనికొస్తాయి, కొన్ని 5 పౌండ్ల నుంచి. ఆ ఒక్క పౌండే మాకు చాలా పెద్దదైంది.

ఇంటికి పంపే ముందు హాస్పిటల్లో కార్ సీట్ పరీక్ష పెడతారు. మన సీటు మనమే తీసుకెళ్ళాలి. బిడ్డని అందులో కూర్చోబెట్టి, వైర్లు తగిలించి, గంటన్నర నుంచి రెండు గంటలు ఆక్సిజన్, గుండె వేగం చూస్తారు. మా చిన్నది మొదటిసారి తప్పింది. తల ముందుకి వాలిపోయి గడ్డం ఛాతీకి ఆనింది, మానిటర్ మోగింది. నర్సమ్మ రెండు చిన్న గుడ్డలు చుట్టి తలకి అటూ ఇటూ పెట్టి, పట్టీలు సరిచేసింది. రెండోసారి నెగ్గింది. ఆ లోపు అక్కలిద్దరూ ఇంటికొచ్చి పదకొండు రోజులైంది. అంటే మూడు సీట్లూ ఒకే రోజు కావాల్సి రాకపోవచ్చు. అయినా 30వ వారానికల్లా మూడూ ఇంట్లో ఉండాలి.

ఇంకొకటి, మీరు అడగలేదు కానీ చెప్పి తీరాలి. పుట్టిన 30 రోజుల్లోపు ముగ్గురినీ మీ ఆఫీసు ఇన్సూరెన్సులో చేర్పించండి, ముగ్గురి పేర్లూ విడివిడిగా. సోషల్ సెక్యూరిటీ నంబర్లు రాలేదని ఆగకండి. నిక్యూ, అంటే నెలలు నిండని పిల్లల్ని ఉంచే ఐసీయూ, దాని బిల్లు చూస్తే ఎందుకు చెప్పానో అర్థమవుతుంది.

కవలల నాన్న, కొప్పెల్:
కొరోలాలో మూడు సీట్లు పెట్టాలంటే సన్నటి సీట్లు వెతకాలి. పడ్డాయే అనుకోండి, వెనక పెద్దవాళ్ళు కూర్చోవడానికి చోటుండదు. దారిలో ఒకరికి కక్కు వస్తే ఎవరు చూస్తారు? అందుకే మినీవ్యాన్, వేరే ఆలోచన పెట్టుకోవద్దు. పార్కింగులో పక్కబండి అంగుళాల దూరంలో ఉన్నా, పక్కకి జరిగే తలుపు తెరుచుకుంటుంది. మీరు బక్కెట్ సీటు, అదే పిడి ఉన్న పసిపిల్లల కార్ సీటు, చేత్తో పట్టుకుని లోపలికి నడిచినట్టే వెళ్ళొచ్చు.

మినీవ్యాన్లలో హోండా ఒడిస్సీ ఎనిమిది మంది సీట్లది తీసుకుంటే రెండో వరస మధ్య సీటు తీసేయొచ్చు, మూడో వరసకి దారి ఏర్పడుతుంది. టొయోటా సియన్నా 2021 నుంచి హైబ్రిడ్ మాత్రమే, గ్యాలన్‌కి 36 మైళ్ళు ఇస్తుంది, ఒడిస్సీ 22. అయితే ఆ సియన్నా రెండో వరస సీట్లు మనం ఊడదీయలేం. ఏది కొన్నా, మూడో వరస వెనక గుంతలా లోతుగా ఉన్న చోటు చూడండి. స్ట్రోలర్ నిలబెట్టి పెట్టుకోవచ్చు.

పాతికేళ్ళ ప్లానో:
మినీవ్యాన్ తప్ప గతి లేదనడం ఒప్పుకోను. మూడు వరసల ఎస్‌యూవీలో మేము ముగ్గురు పిల్లల్ని, అత్తమామల్ని తీసుకుని హ్యూస్టన్ ఎన్నిసార్లు వెళ్ళామో. మంచు కురిసి రోడ్డు గడ్డకట్టిన రోజు నాలుగు చక్రాల డ్రైవ్ లేకపోతే తెలుస్తుంది. కార్ సీట్ కూడా ఐదేళ్ళ వరకే, ఆ తర్వాత మామూలు సీట్ బెల్టే.

కవలల నాన్న, కొప్పెల్:
అన్నయ్యా, మీ ముగ్గురు ఒకేసారి పుట్టలేదు కదా. మూడు సీట్లూ వెనక్కి తిరిగి ఉండే మొదటి రెండేళ్ళ సంగతి వేరు. ఎస్‌యూవీలో మూడో వరస సీట్లు లేపితే వెనక మిగిలేది కిరాణా సంచులకే సరిపోతుంది. నాలుగు చక్రాల డ్రైవ్ సియన్నాలోనూ దొరుకుతుంది.

కార్ సీట్ టెక్నీషియన్, అలెన్:
ఐదేళ్ళు అనేది పాత చట్టం. టెక్సస్‌లో 2009లో మార్చారు. ఎనిమిదేళ్ళలోపు పిల్లలు, 4 అడుగుల 9 అంగుళాలు దాటితే తప్ప, చైల్డ్ సీటులోనే ఉండాలి.

లాచ్ గురించి, అంటే కార్ సీటుని బండికి తగిలించే కొక్కేల గురించి, చాలామంది పొరబడతారు. ఆ కొక్కేలు రెండో వరసలో రెండు చోట్లే ఉన్నాయి, మూడో బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టే అని భయపడతారు. అలా కాదు. సీట్ బెల్టుతో సరిగ్గా బిగిస్తే అదీ అంతే భద్రం. రెండూ కలిపి మాత్రం వాడకూడదు, ఆ సీటు పుస్తకంలో రాసి ఉంటే తప్ప. బిగించాక బెల్టు వెళ్ళే చోట పట్టుకుని ఊపి చూడండి, అంగుళం కన్నా ఎక్కువ కదలకూడదు. బండి కొనక ముందే మీ మూడు సీట్లూ డీలర్ దగ్గరికి తీసుకెళ్ళి పెట్టి చూడండి. వాళ్ళు కాదనరు.

పాత సీట్లు ఎవరైనా ఇస్తామంటే, వాళ్ళు బాగా తెలిసినవాళ్ళయితేనే తీసుకోండి. కింద గడువు తేదీ ఉంటుంది. ఒక్కసారి యాక్సిడెంటులో ఉన్నా, పైకి చీలిక కనిపించకపోయినా ఆ సీటు నమ్మకూడదు.

పాతికేళ్ళ ప్లానో:
సరే, చట్టం మారిన సంగతి ఒప్పుకుంటున్నా. వ్యాన్ సంగతి ఒప్పుకోను.

లీజు దెబ్బ తిన్నవాడు, మెకిన్నీ:
అందరూ బండి గురించే చెబుతున్నారు, ఆ మూడో అంతస్తు సంగతి ఎవరూ పట్టించుకోరేం? తమ్ముడూ, మాకు కవలలు పుట్టినప్పుడు మేమూ మూడో అంతస్తే. స్ట్రోలర్ మోయలేక మెట్ల కింద గొలుసేసి పెట్టాం. మూడో రోజు తలుపుకి నోటీసు, దారికి అడ్డం, ఫైర్ రూలు అని. వారం తర్వాత అద్దెలో 50 డాలర్ల జరిమానా.

లీజింగ్ ఆఫీసుకెళ్ళి అడిగితే, కింద ఇల్లు ఖాళీ అవుతోంది, మీకే ఇస్తాం అని అక్కడి అమ్మాయి నవ్వుతూ చెప్పింది. నేను నమ్మాను. కాగితం అడగలేదు. నెల గడిచాక ఒక శనివారం చూస్తే, ఆ ఇంట్లోకి ఎవరో సామాను దించుకుంటున్నారు. లోపలికెళితే కుర్చీలో వేరే మేనేజర్, నాతో ఎవరేం చెప్పారో తనకి తెలియదన్నాడు. ఆ సాయంత్రం నా భార్య ఆపరేషన్ కుట్లతో, చెరో చేత్తో ఒక సీటు పట్టుకుని మెట్లెక్కింది. ఆ దృశ్యం నేను మర్చిపోలేను. చివరికి లీజు మధ్యలో వదిలేశాం. ఒక నెల అద్దెలో 85 శాతం, పైగా అరవై రోజుల నోటీసు అద్దె కట్టించుకున్నారు.

కాబట్టి ఈ రోజే ఈమెయిల్ రాయండి. డాక్టరు మెట్లు వద్దంటే ఆ ఉత్తరం జత చేయండి. నోటి మాట మీద ఆగకండి. పిల్లలు పుట్టబోతున్నారని కాంప్లెక్సువాళ్ళు ఇల్లు ఇవ్వనంటే ఫెడరల్ ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒప్పుకోదు, అది కూడా గుర్తుంచుకోండి.

మనవళ్ళ అమ్మమ్మ, ప్రస్తుతం ప్లానోలో:
నాయనా, మీ అమ్మగారు వచ్చాక ముగ్గురినీ ఒకే ఉయ్యాలలో, చుట్టూ దిండ్లు పెట్టి పడుకోబెడదాం అంటారు. మా అమ్మాయి వద్దంటే నేనూ మొదట బాధపడ్డాను. వెల్లకిలా, చదును పరుపు మీద, ఎవరి చోటు వాళ్ళకి, దిండూ బొంతా లేకుండా అని నిక్యూ నర్సు దగ్గరుండి చూపించింది. వాలు పడకలు, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తలు ఇక్కడ 2022లోనే చట్టం చేసి ఆపేశారట. ఆవిడకి మీరు చెబితే వాదన అవుతుంది, నర్సు చేత చెప్పించండి.

కొత్తగా వచ్చిన నాన్న, ఇర్వింగ్:
అందరికీ చాలా థాంక్స్. లీజింగ్ ఆఫీసుకి ఇప్పుడే ఈమెయిల్ పంపాను. స్ట్రోలర్ గురించి మాత్రం ఇంకా తేలలేదు.

ముగ్గురమ్మ, ఫ్రిస్కో:
టేపు తీసుకుని మీ తలుపు కొలవండి. ముగ్గురూ పక్కపక్కన కూర్చునే స్ట్రోలర్ చాలా గుమ్మాల్లో పట్టదు. ఒకరి వెనక ఒకరు కూర్చునేది పడుతుంది కానీ, బరువు మీద షాపు మలుపులో తిప్పడానికి బలం కావాలి. మేము ట్రిపుల్ కొని నాలుగుసార్లు వాడాం. రోజూ పనికొచ్చింది డబుల్ స్ట్రోలర్, మూడోవాళ్ళు నా ఛాతీకి కట్టుకున్న క్యారియర్‌లో. డాక్టరు దగ్గరికి వెళ్ళినా, హనుమంతుడి గుడికి వెళ్ళినా అంతే. క్యారియర్‌కీ కనీస బరువు ఉంటుంది, చూసుకోండి.

మా డబుల్ ఇంకా గరాజ్‌లోనే ఉంది, చక్రాలు బాగానే ఉన్నాయి. కడిగి ఆరబెట్టి ఉంచుతాను, మీ అమ్మగారు వచ్చే లోపు వచ్చి పట్టుకెళ్ళండి. కార్ సీట్లు మాత్రం ఇవ్వను, వాటి గడువు ఎప్పుడో అయిపోయింది.