పార్సన్స్ టర్బినియా మొదట్లో ఎందుకంత నెమ్మది?

కొత్తకుర్రాడు: బ్రిటన్ ఇంజనీర్ చార్లెస్ పార్సన్స్ 1884లోనే ఆవిరి టర్బైన్ (ఆవిరి తోసే రెక్కలతో తిరిగే ఇంజన్) చేశాడు కదా, మరి దాన్ని పెట్టిన పడవ టర్బినియా మొదటి పరీక్షల్లో 20 నాట్లు (గంటకి దాదాపు 37 కిలోమీటర్లు) కూడా దాటలేదట, తప్పు టర్బైన్‌దేనా?

నట్టుబోల్టు: టర్బైన్‌ది కాదండీ, ప్రొపెల్లర్‌ది, అంటే నీళ్లలో తిరిగి పడవని నెట్టే రెక్కల చక్రానిది. మరీ వేగంగా తిప్పేసరికి రెక్కల వెనక ఒత్తిడి పడిపోయి నీళ్లలో ఆవిరి బుడగలు పుట్టాయి, ఇక రెక్క నీటిని గట్టిగా నెట్టలేక ఆ బుడగల్లోనే గిరగిరా తిరిగింది. దీన్నే కావిటేషన్ అంటారు. మనిషి ఊరుకోలేదు, కిటికీ ఉన్న చిన్న నీటి సొరంగం లాంటిది చేసి అందులో బొమ్మంత ప్రొపెల్లర్ తిప్పి బుడగల్ని కళ్లారా చూశాడు! తర్వాత పడవకి ఒక షాఫ్ట్ (ప్రొపెల్లర్‌ని తిప్పే ఇరుసు) బదులు మూడు, ఒక్కోదానికి మూడు చొప్పున తొమ్మిది ప్రొపెల్లర్లు.

పాతఇంజన్: అసలు మజా 1897లో. విక్టోరియా రాణి వజ్రోత్సవానికి ఇంగ్లండ్ తీరంలోని స్పిట్‌హెడ్ దగ్గర యుద్ధనౌకలు బారులు తీరి ఉంటే, ఈ వంద అడుగుల పడవ వాటి మధ్యలోంచి దూసుకుపోయింది, కాపలా బోట్లు వెంటపడినా అందలేదు. దాదాపు 34 నాట్లు మరి. 1906కల్లా డ్రెడ్‌నాట్ యుద్ధనౌకలో ఆయన టర్బైన్లే.

నట్టుబోల్టు: ఇంకోటి, 1889లో భాగస్వాములతో విడిపోయినప్పుడు పేటెంట్లు వాళ్ల దగ్గరే ఉండిపోయాయి. అయినా ఆగకుండా ఆవిరి ఇరుసు వెంబడి కాకుండా దాని నుంచి అడ్డంగా బయటికి పారే వేరే రకం టర్బైన్ చేసుకున్నాడు. నాకైతే పడవ కన్నా ఇదే నచ్చుతుంది.

కొత్తకుర్రాడు: థాంక్సండీ. ఆ పడవ ఇంకా ఉందా?

పాతఇంజన్: ఇంగ్లండ్‌లో న్యూకాజిల్ డిస్కవరీ మ్యూజియంలో ఉంది.