పాత వాల్ ఓవెన్‌లో కింది ఎలిమెంట్ వేడెక్కడం లేదు: ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

కొలంబస్ వాసి:

అందరికీ నమస్కారం. ఒహాయో రాష్ట్రంలో కొలంబస్ దగ్గర 1962లో కట్టిన ఇల్లు కొనుక్కుని గత వేసవిలో అందులోకి మారాము. వంటగదిలో కేబినెట్ మధ్య బిగించిన ఎలక్ట్రిక్ ఓవెన్ ఆ ఇంటితో పాటు వచ్చినదే. దాని వెడల్పు 24 అంగుళాలు. లోపలి ఎనామెల్ పూత ఎక్కడా పెచ్చు లేవలేదు, తలుపు ఇప్పటికీ సందు లేకుండా మూసుకుంటుంది. మొదటి ఆరు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా పనిచేసింది.

నెల రోజులుగా దాని తీరు మారింది. ఇంతకుముందు 350 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గర పెడితే పావుగంటలో వేడెక్కేది, ఇప్పుడు గంట గడిచినా 250 దాటడం లేదు. పోయిన ఆదివారం పెట్టిన గోధుమ రొట్టె పైభాగం ముదురు రంగుకు తిరిగి అక్కడక్కడా మాడింది కానీ, తిరగేసి చూస్తే అడుగు పచ్చిపిండి రంగులోనే ఉండి వేలికి జిగటగా అంటుకుంది. బ్రాయిల్ (పైనుంచి మాత్రమే కాల్చే అమరిక) మీద పెడితే మాత్రం పై ఎలిమెంట్ (వేడెక్కే కడ్డీ) కొద్ది నిమిషాల్లోనే ఎర్రగా కాలుతోంది. లోపలి దీపం వెలుగుతోంది, గడియారం నడుస్తోంది. కింది ఎలిమెంట్ మీద పగులు గానీ, ఉబ్బు గానీ కనిపించలేదు.

పిలిపించిన మెకానిక్ తలుపు తీసి చూసి, దీనికి విడిభాగాలు దొరకవు, కొత్తది కొనుక్కోండి అని చెప్పి వెళ్లిపోయారు. కొత్తవాటిలో ఎక్కువ భాగం 27 లేదా 30 అంగుళాలవి కనుక కేబినెట్ కోయక తప్పదు. అరవై ఏళ్లు నిలిచిన వస్తువును ఒక్క కొలత కూడా తీయకుండా బయట పడేయడానికి నాకు మనసు ఒప్పడం లేదు. గుంటూరులో ఉన్నప్పుడు ఇంట్లో ఫ్యాన్లు, స్విచ్చులు నేనే బాగుచేసేవాడిని, మల్టీమీటర్ వాడడం తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

మరమ్మతు పెట్టె:

నమస్కారమండి. మిచిగన్‌లో చాలా ఏళ్లుగా ఇటువంటి పాత ఓవెన్లు బాగుచేస్తున్నాను. మీది బాగుపడుతుందనే నా నమ్మకం. అయితే స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు ఒక సంగతి చెప్పాలి. గుంటూరులో మీరు నేర్చుకున్న అలవాట్లలో రెండు ఇక్కడ ప్రాణం మీదికి తెస్తాయి.

మొదటిది రంగు. మన ఇళ్లలో నల్ల వైరు అంటే న్యూట్రల్ అని చేతికి అలవాటైపోయి ఉంటుంది. అమెరికాలో నలుపు, ఎరుపు రెండూ కరెంటు ఉన్న వైర్లు, న్యూట్రల్ తెలుపు. రెండవది, మన దగ్గర 230 వోల్టులు ఒక ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య ఉంటాయి కనుక ఆ ఒక్క ఫేజు ఆపితే సరిపోతుంది. ఇక్కడి ఓవెన్‌కు వచ్చే 240 వోల్టులు కరెంటు ఉన్న ఆ రెండు వైర్ల మధ్య ఉంటాయి, ఒక్కో దానికీ న్యూట్రల్‌కూ మధ్య 120. చాలా ఓవెన్లలో థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే స్విచ్) ఈ రెండింటిలో ఒకదాన్నే తెంపుతుంది. అంటే ఎలిమెంట్ చల్లగా ఉన్నా, దాని టెర్మినల్ మీద 120 వోల్టులు ఉండవచ్చు. కాబట్టి నాబ్ ఆఫ్‌లో ఉందని ఎన్నడూ నమ్మకండి. ప్యానెల్‌లో జంట బ్రేకర్‌ను దించండి, పాత ఫ్యూజు పెట్టె అయితే రెండు ఫ్యూజులూ ఉన్న బ్లాకునే బయటికి లాగేయండి. ఆ తరువాత మీటరును కరెంటు ఉన్న వేరే సాకెట్‌లో పెట్టి పనిచేస్తోందని చూసుకుని, ఓవెన్ టెర్మినళ్ల దగ్గర కొలిచి, మళ్లీ అదే సాకెట్‌లో మీటరును ఇంకోసారి పరీక్షించండి.

ఇక జబ్బు సంగతి. మీ రొట్టె దాన్ని చాలావరకు చెప్పేసింది. బ్రాయిల్‌లో పై ఎలిమెంట్ ఎర్రగా కాలుతోందంటే 240 వోల్టులూ ఓవెన్ దాకా వస్తున్నట్టే, ఫ్యూజు ఒకటి పోయిందన్న అనుమానం అక్కరలేదు. ఆ కాలపు ఓవెన్లలో చాలావాటికి, బేక్‌లో పెట్టినప్పుడు కింది ఎలిమెంట్ 240 వోల్టుల మీద పనిచేస్తుంటే, పైభాగం రంగు తిరగడానికని పై ఎలిమెంట్‌కు కూడా 120 వోల్టులు అందేలా అమరిక ఉంటుంది. వోల్టేజీ సగమైతే శక్తి పావు వంతుకు పడిపోతుంది కనుక 3000 వాట్ల ఎలిమెంట్ అప్పుడు 750 వాట్లే ఇస్తుంది. మీ ఓవెన్ ఇప్పుడు ఈ 750 వాట్లతోనే నెట్టుకొస్తోంది. అందుకే గంట పట్టినా 250 దాటడం లేదు, అందుకే పైన మాడి అడుగున పచ్చిగా మిగులుతోంది. లోపం కింది ఎలిమెంట్‌లో గానీ, దాని వైర్లలో గానీ, బేక్ స్విచ్ కాంటాక్టులో గానీ ఉండాలి.

తలుపు అంచున ఉన్న రేకు మీద ఎలిమెంట్ల వాట్లు రాసి ఉంటాయి. కింది ఎలిమెంట్ 2500 వాట్లదైతే, 240ని 240తో గుణించి 2500తో భాగిస్తే సుమారు 23 ఓమ్‌లు రావాలి. లోపలి నైక్రోమ్ తీగ నిరోధం వేడికి పెద్దగా మారదు కనుక చల్లగా ఉన్నప్పుడు కొలిచినా ఈ లెక్క సరిపోతుంది. వెనక గోడ దగ్గరి రెండు స్క్రూలు తీసి ఎలిమెంట్‌ను మెల్లగా మూడు నాలుగు అంగుళాలు ముందుకు లాగండి. వైర్లు విడదీసే ముందు వాటికి బట్టల క్లిప్పులు పెట్టండి, లేకపోతే అవి గోడ వెనక్కి జారిపోయి మొత్తం ఓవెన్‌ను కేబినెట్ నుంచి దించవలసి వస్తుంది. ఒక వైరైనా విడదీయకుండా కొలిస్తే మిగిలిన సర్క్యూట్ కూడా కలిసి తప్పు అంకె వస్తుంది.

రెండు టెర్మినళ్ల మధ్య కొలిచాక, ఒక టెర్మినల్‌కూ బయటి లోహపు తొడుగుకూ మధ్య కూడా కొలవండి. అక్కడ మీటరు ఏమీ చూపకూడదు. లోపల తీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడ్ పొడి దట్టించి ఉంటుంది, చాలాకాలం వాడకపోతే అది తేమ పీల్చి కరెంటును తొడుగులోకి వదులుతుంది.

ఎడిసన్ గృహిణి:

ఈ లక్షణాలతో కాకుండా ఓవెన్ అసలు ఏ మాత్రం వేడెక్కడం లేదని వచ్చేవారి కోసం ఒక్క మాట. గడియారం పక్కన ఉండే మీట ఆటోమేటిక్ వైపు జరిగి ఉంటే, నిర్ణయించిన గంట వచ్చేదాకా ఓవెన్ వెలగదు. తుడిచేటప్పుడు అది కదిలిపోవడం మామూలే. దాన్ని మాన్యువల్ వైపు తిప్పి చూసిన తరువాతే మిగతావి విప్పండి.

కొలంబస్ వాసి గారూ, మరమ్మతు అయ్యాక నాబ్ మీది అంకెను నమ్మి వంట మొదలుపెట్టకండి. ఓవెన్ థర్మామీటరు ఒకటి కొని మధ్య అరలో సరిగ్గా నడుమ ఉంచి, థర్మోస్టాట్ కనీసం మూడుసార్లు ఆగి వెలిగేదాకా ఆగండి. తలుపు తీస్తే కొలత చెడిపోతుంది కనుక అద్దంలోంచే చదవండి. పాత థర్మోస్టాట్ ఉన్నప్పుడు వేడి ఒకచోట నిలకడగా ఉండదు, ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. ఎక్కువ అంకెకూ తక్కువ అంకెకూ నడిమి విలువే ఓవెన్ అసలు వేడి. మొదటిసారి ఎక్కినప్పటి అంకె చూసి కంగారుపడి నాబ్ విప్పి తిప్పేసినవారిని చాలామందిని చూశాను.

కొలంబస్ వాసి:

మీ ఇద్దరికీ కృతజ్ఞతలు. రేకు మీద బేక్ 2500, బ్రాయిల్ 3000 అని ఉంది. బ్రేకర్ దించి, చెప్పినట్టే మీటరును రెండుసార్లు పరీక్షించుకుని కొలిచాను. కింది ఎలిమెంట్ 23.6 ఓమ్‌లు చూపింది. తొడుగుకు ఏమీ లేదు. ఎలిమెంట్ బాగానే ఉంది కదా అని ఆశ్చర్యపోయి వైర్లను పరిశీలించాను. కుడివైపు టెర్మినల్ మెరుస్తూ ఉంది. ఎడమవైపు వైరు చివర ఉన్న లోహపు బిళ్ల నీలం తిరిగి నల్లబడింది, స్క్రూ సగం వదులుగా ఉంది, క్లిప్పు పెట్టబోతే ఆ బిళ్ల కాలిన అప్పడంలా రెండు ముక్కలైంది. దాని వెనక వైరు మీద తెల్లటి నారలాంటి పూత ఊడి వస్తోంది. ఆ పూత చూశాక పని ఆపేసి చేతులు కడుక్కున్నాను. ఇది ఆస్బెస్టాస్ కావచ్చా?

మరమ్మతు పెట్టె:

ఆపి మంచి పని చేశారు. ఆ కాలపు ఓవెన్ వైర్ల మీద ఆస్బెస్టాస్ పూత వాడేవారు. కంటితో చూసి అవునని గానీ కాదని గానీ తేల్చలేము కనుక, ప్రయోగశాలలో పరీక్షించేదాకా అవుననే అనుకోవాలి. దాన్ని గీకవద్దు, చీపురుతో ఊడ్చవద్దు, మామూలు వాక్యూమ్ క్లీనర్‌తో అసలే లాగవద్దు. పొడిగా ఉంటే నార గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, అదే అసలు ప్రమాదం. మీరు దాని చివర కత్తిరించి కొత్త బిళ్ల వేసే ఆలోచన మానుకుని, స్విచ్ నుంచి ఎలిమెంట్ దాకా ఆ ఒక్క వైరును మొత్తంగా మార్చండి. స్ప్రే సీసాతో నీళ్లు చల్లి తడిపి, రెస్పిరేటర్ ముసుగు, చేతొడుగులు వేసుకుని, విరవకుండా బయటికి తీసి, తడిగా ఉండగానే ప్లాస్టిక్ సంచిలో మూతికట్టండి. దాన్ని ఎక్కడ ఇవ్వాలో మీ కౌంటీ వారిని అడగండి. తిరిగి కరెంటు ఇచ్చే ముందు తడి పూర్తిగా ఆరాలి. ఇంత జాగ్రత్త మీ వల్ల కాదనిపిస్తే ఈ ఒక్క పనికి అనుభవమున్నవారిని పిలవడం మేలు.

బిళ్ల ఎందుకు కాలిందో కూడా చెబుతాను, లేకపోతే కొత్తది కూడా అలాగే పోతుంది. 2500 వాట్ల ఎలిమెంట్ 10 ఆంపియర్లకు పైగా లాగుతుంది. స్క్రూ వదులై అక్కడ ఒక్క ఓమ్ నిరోధం ఏర్పడినా, గోరంత చోట 100 వాట్ల వేడి పుడుతుంది. ఆ వేడికి లోహం తుప్పుపట్టి నిరోధం ఇంకా పెరుగుతుంది, చివరికి బిళ్ల ఇలా పెళుసుబారుతుంది. కాబట్టి ఎలిమెంట్ వైపు స్క్రూనూ, దాని కొననూ కూడా మెరిసేదాకా శుభ్రం చేసి గట్టిగా బిగించండి. అది గుంతలు పడి ఉంటే కొత్త వైరు వేసినా ప్రయోజనం లేదు, అప్పుడు అదే వాట్ల కొత్త ఎలిమెంట్ వేయాలి.

ఇంటి వైరింగులో వాడే ప్లాస్టిక్ పూత వైరు ఇక్కడ పనికిరాదు. 450 డిగ్రీల సెల్సియస్ తట్టుకునే నికెల్ వైరును, అదే మందంలో, నికెల్ పూత ఉన్న ఉక్కు బిళ్లలతో కలిపి కొనండి. రంగురంగుల ప్లాస్టిక్ తొడుగున్న బిళ్లలు వద్దు. సోల్డర్ చేయాలన్న ఆలోచన కూడా వద్దు, మామూలు సోల్డర్ 190 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. బిళ్లను క్రింపింగ్ పనిముట్టుతో గట్టిగా నొక్కి, లాగి చూడండి.

విశ్రాంత విద్యుత్ ఇంజనీరు:

చర్చ సరైన దారిలోనే నడిచింది. ఒక్క అంశం మాత్రం ఎవరూ ఎత్తలేదు. 1996కు ముందటి ఇళ్లలో ఓవెన్‌కు మూడు వైర్లే వచ్చి, ఓవెన్ లోహపు శరీరాన్ని తెల్ల న్యూట్రల్‌కే కలిపి ఉండవచ్చు. ఆ ఏడాది అమెరికా విద్యుత్ నియమావళి మారిన తరువాత కొత్త సర్క్యూట్లలో ఈ పద్ధతి నిషిద్ధం, పాతవి అలాగే కొనసాగవచ్చు. ఈ పద్ధతిలో న్యూట్రల్ జాయింటు వదులైతే, దీపం గుండానో పై ఎలిమెంట్ గుండానో కరెంటు ఓవెన్ తలుపు పిడి దాకా వస్తుంది. మీ బేక్ అమరికలో పై ఎలిమెంట్ 120 వోల్టుల మీద పనిచేస్తే ఆ న్యూట్రల్‌లో 6 ఆంపియర్లకు పైగా ఎప్పుడూ పారుతూ ఉంటుంది కనుక, దాని బలం పరీక్షించడానికి ఆ సమయమే అనువైనది. పని పూర్తయ్యాక బేక్ మీద పెట్టి, ఓవెన్‌ను చేత్తో తాకకుండా, దాని లోహపు చట్రానికీ దగ్గరలో గ్రౌండ్ ఉన్న సాకెట్ గ్రౌండు రంధ్రానికీ మధ్య ఏసీ వోల్టేజీ కొలవండి. ఒక వోల్టు లోపు ఉంటే సరే. అంతకు మించి ఉంటే వెంటనే బ్రేకర్ దించి, న్యూట్రల్ జాయింటు వెతకండి. కేబినెట్ వెనక ఏనాడైనా పని పెట్టుకుంటే నాలుగు వైర్ల సర్క్యూట్ వేయించుకోవడం ఉత్తమం.

కొలంబస్ వాసి:

రెండు వారాలు పట్టింది. ఆస్బెస్టాస్ పనికి అనుభవమున్న ఆయన ఒక పూట వచ్చి, తెల్ల నారపూత ఉన్న బేక్ వైర్లు రెండింటినీ తీసుకువెళ్లారు. కొత్త నికెల్ వైర్లు నేనే వేశాను. ఎలిమెంట్ కొన మీద మసి తప్ప గుంతలు లేవు కనుక దాన్నే ఉంచాను. బేక్‌లో కింది ఎలిమెంట్ మళ్లీ ఎర్రబడింది, 350కి చేరడానికి పద్నాలుగు నిమిషాలు పట్టింది. చట్రానికీ గ్రౌండుకూ మధ్య 0.3 వోల్టులు వచ్చింది.

అయితే ఎడిసన్ గృహిణి గారు చెప్పినట్టు మూడు ఆవృత్తాలు చూస్తే సగటు 390 దాకా ఉంది. నాబ్ విప్పి తిప్పబోతూ ముందు లోపలికి టార్చి వేసి చూశాను. థర్మోస్టాట్‌కు చెందిన సన్నటి లోహపు కడ్డీ తన క్లిప్పుల్లోంచి జారి వెనక గోడను ఆనుకుని ఉంది. గోడ గాలికన్నా చల్లగా ఉంటుంది కనుక థర్మోస్టాట్‌కు ఓవెన్ ఇంకా వేడెక్కలేదనే అనిపించేదన్నమాట. దాని సన్న గొట్టం మెలికపడకుండా కడ్డీని క్లిప్పుల్లోకి మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు 338కీ 366కీ మధ్య తిరుగుతోంది, నాబ్ జోలికి పోలేదు.

ఒక సందేహం మిగిలింది. బ్రాయిల్ వైర్ల మీద కూడా అదే తెల్ల పూత ఉంది, కానీ అవి చెక్కుచెదరలేదు. వాటిని కూడా ఇప్పుడే మార్చాలా?

మరమ్మతు పెట్టె:

పూత ఊడకుండా ఉండి, మీరు వాటిని కదపనంత వరకు మార్చనక్కరలేదు. కదపకుండా ఉంచిన ఆస్బెస్టాస్ కన్నా, అనవసరంగా కదిపినదే ప్రమాదం. ఎప్పుడైనా పై ఎలిమెంట్ విప్పవలసి వస్తే అప్పుడు అదే మనిషిని పిలిచి మార్పించండి. ఆరు నెలలకొకసారి బ్రేకర్ దించి, కింది ఎలిమెంట్‌ను ముందుకు లాగి ఎడమ స్క్రూ బిగువు మాత్రం చూస్తూ ఉండండి.